జబ్బు ఉందా, క్రిమి ఉందా? పాత శరీరాల్లోని ప్రోటీన్లు చెప్పే సంగతులు

జ్వరం వారం దాటినా తగ్గకపోతే మన దగ్గర డాక్టరు రాసే పరీక్షల్లో సీఆర్‌పీ ఒకటి తప్పకుండా ఉంటుంది. రిపోర్టు రాగానే ఇంట్లో అందరూ దాన్ని చేతులు మార్చుకుని చూసి, పక్కన రాసిన నార్మల్ అంకె కంటే ఎంత ఎక్కువుందో లెక్కేసి టెన్షన్ పడతారు గానీ, ఆ పరీక్ష ఏ క్రిమినీ వెతకదన్న సంగతి చాలామందికి తెలియదు. సీఆర్‌పీ అనేది మన కాలేయమే తయారుచేసే ఒక ప్రోటీన్. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫెక్షన్ వచ్చినా, వాపు వచ్చినా గంటల్లో దాని మోతాదు పెరుగుతుంది. వచ్చినవాడు ఎవడో అది చెప్పదు, లోపల పోరాటం నడుస్తోందని మాత్రం చెబుతుంది.

ఇదే ప్రశ్న 500 ఏళ్ళ కిందట చనిపోయిన మనిషిని అడగాలంటే? "నీ ఒంట్లో ఏ క్రిమి ఉంది" అని కాదు, "పోయేనాటికి నువ్వు జబ్బుతో ఉన్నావా" అని. ఈ రెండూ ఒకటేనని పైకి అనిపిస్తుంది. కావు. పాత అవశేషాల్లోంచి ప్రోటీన్లు తీసి రోగాల చరిత్ర రాయాలనుకునేవాళ్ళు ఇన్నేళ్ళుగా కుస్తీ పడుతున్నది ముఖ్యంగా ఈ తేడాతోనే.

క్షయనే తీసుకోండి. మన దేశంలో కోట్లమంది ఒంట్లో టీబీ బ్యాక్టీరియా పడుకుని ఉంటుంది. మాంటూ పరీక్ష చేస్తే సూది గుచ్చినచోట వాస్తుంది, అంతే. వాళ్ళలో చాలామందికి జీవితాంతం ఆ జబ్బు పైకి రాదు. కాబట్టి పాత ఎముకలో టీబీ డీఎన్‌ఏ దొరికిందంటే ఆ క్రిమి అక్కడ ఉండేదని తెలుస్తుంది గానీ, ఆ మనిషి దగ్గి దగ్గి చిక్కిపోయాడని తెలియదు.

మరి ఎముకలు చూసి చెప్పెయ్యొచ్చు కదా? కొన్నిసార్లు చెప్పొచ్చు. కానీ క్షయ ఎముకదాకా పాకేది కొద్దిమందిలోనే. ప్లేగు, కలరా లాంటివైతే రోజుల్లో ప్రాణం తీస్తాయి, ఎముక మీద గుర్తు పడేంత టైమ్ కూడా ఇవ్వవు. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఎముక మీద జబ్బు మచ్చ కనిపించిందంటే ఆ మనిషి దాన్ని తట్టుకుని చాన్నాళ్ళు బతికాడన్నమాట, మచ్చే లేని పక్క సమాధిలోని మనిషి మొదటి వారంలోనే పోయి ఉండొచ్చు. శ్మశానంలో ఆరోగ్యంగా కనిపించే అస్థిపంజరాన్ని నమ్మడానికి లేదు.

ఈ చిక్కుని ప్రోటీన్లతో విప్పొచ్చని గట్టిగా చూపించిన కేసు అర్జెంటీనాది. చిలీ సరిహద్దులో లుల్లాయిల్లాకో అనే అగ్నిపర్వతం ఉంది, ఎత్తు 6,739 మీటర్లు. 1999లో దాని శిఖరం దగ్గర పురావస్తు పరిశోధకులు యోహాన్ రైన్‌హార్డ్, కాన్‌స్టాన్సా సెరూటీల బృందానికి ముగ్గురు పిల్లల శరీరాలు దొరికాయి. అప్పట్లో దక్షిణ అమెరికాను ఏలిన "ఇంకా" జాతివాళ్ళ సామ్రాజ్యంలో దేవతలకు బలిగా కొండ మీద వదిలేసిన పిల్లలు. ముగ్గురిలో పెద్దమ్మాయికి 13 నుంచి 15 ఏళ్ళ మధ్య ఉంటాయి, "కన్య" అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. కాళ్ళు మడుచుకుని, తల కాస్త ముందుకు వాలి, జుట్టు చిన్న చిన్న జడలుగా అల్లి ఉన్న ఆ అమ్మాయిని చూస్తే ఇప్పుడే కునుకు తీసిందేమో అనిపిస్తుంది. ఆ చలికి, ఆ పొడి గాలికి చర్మం, జుట్టు, లోపలి అవయవాలు కూడా దాదాపు అలాగే నిలిచిపోయాయి. వెంట్రుకల పరీక్షలో ఇంకో విషయం బయటపడింది: చివరి నెలల్లో ఆమెకు కోకా ఆకులు, మద్యం బాగా ఎక్కువగా ఇచ్చారు.

2012లో యాంజెలీక్ కోర్తాల్స్ బృందం ఈ అమ్మాయి పెదవుల దగ్గర, అలాగే ఏడేళ్ళ అబ్బాయి దగ్గర దూదిపుల్లతో నమూనాలు తీసి ప్రచురించిన పరిశోధన చూడండి. కోవిడ్ రోజుల్లో మన ముక్కుల్లో తిప్పారే, అలాంటి పనే. కోత లేదు, సూది లేదు. ఆ నమూనాల్లోని ప్రోటీన్లన్నిటినీ చదివితే అమ్మాయి దగ్గర దొరికిన ప్రోటీన్ల తీరు ఇప్పటి ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్‌తో చాలాకాలంగా బాధపడుతున్న రోగుల్లో కనిపించే తీరులా ఉంది. బ్యాక్టీరియా మీదికి శరీరం తెల్ల రక్తకణాలను తోలినప్పుడు బయటపడే ప్రోటీన్లవి. అబ్బాయిలో అవి లేవు. అప్పుడు డీఎన్‌ఏ చూశారు, క్షయ క్రిమి కుటుంబానికి చెందిన మైకోబ్యాక్టీరియం ఆనవాలు అమ్మాయిలోనే దొరికింది. ఎక్స్‌రేలో కూడా ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ లక్షణాలున్నాయి.

నాకు ఈ కేసు నచ్చడానికి కారణం ఆ మూడూ ఒకదానికొకటి సరిపోవడం. డీఎన్‌ఏ ఒక్కటే ఉంటే "క్రిమి ఉంది, అయితే ఏంటి" అనేవాళ్ళం. ప్రోటీన్లు ఒక్కటే ఉంటే "ఏదో ఇన్‌ఫెక్షన్, ఏదో తెలీదు" అనేవాళ్ళం. అయినా ఆ పిల్ల చనిపోయింది క్షయతో కాదు. కొండ మీద వదిలేస్తే చనిపోయింది. అక్కడికి తీసుకెళ్ళేనాటికే ఊపిరితిత్తుల జబ్బుతో ఉందన్నది మాత్రమే ప్రోటీన్లు చెప్పిన మాట. వార్తల్లో ఈ రెండూ కలిపేసి "ఇంకా బాలికను చంపిన క్షయ" అని రాసేస్తే తప్పు.

ఇంతకీ ఎలా చదువుతారు? ఎముకో పన్నో అయితే ముందు దాంట్లోని ఖనిజాన్ని ఆమ్లంతోనో, కాల్షియాన్ని లాగేసే రసాయనంతోనో కరిగిస్తారు. మిగిలిన ప్రోటీన్ల మీద ట్రిప్సిన్ అనే ఎంజైమ్ వేస్తారు, మన పేగుల్లో తిండి అరిగించేది కూడా ఇదే. ఇది ఎక్కడపడితే అక్కడ కోయదు, ప్రోటీన్ అనే గొలుసులో పూసల్లా ఉండే అమైనో ఆమ్లాల్లో లైసిన్, ఆర్జినిన్ అనే రెండింటి తర్వాతే కోస్తుంది. అందుకే ముక్కలు ఎలా వస్తాయో ముందే లెక్క కట్టొచ్చు. ఈ ముక్కల్ని మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం తూకం వేస్తుంది, తర్వాత ఒక్కోదాన్నీ మళ్ళీ పగలగొట్టి ఆ తునకల్నీ తూకం వేస్తుంది. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో బరువు కాబట్టి, తునకల బరువుల తేడాని బట్టి ముక్కలో ఏది తర్వాత ఏది ఉందో అర్థమవుతుంది. ఒకటి రెండు జంటలకు బరువు సమానంగా ఉండి తికమక పెడతాయనుకోండి, అది వేరే గొడవ. ఆ తర్వాత కంప్యూటర్ ఈ వరసల్ని తెలిసిన ప్రోటీన్ల డేటాబేస్‌తో పోల్చి "ఇది మనిషిది, ఇది ఫలానా బ్యాక్టీరియాది" అని జాబితా ఇస్తుంది.

ఇందులో మొదటి సమస్య మనమే. పరిశోధకుడి చర్మం నుంచి రాలే కెరటిన్, ల్యాబులో వాడే ఆవు ప్రోటీన్లు, ఆఖరికి వేసిన ట్రిప్సిన్ కూడా ఫలితాల్లో కనిపిస్తాయి. అందుకే ఏమీ లేని ఖాళీ గొట్టాన్ని కూడా మొదటినుంచి చివరిదాకా అదే పద్ధతిలో నడిపి, దాంట్లో కూడా కనిపించినవాటిని పక్కన పెడతారు. ఇంకో ఆధారం వయసు గుర్తులు. కాలం గడిచేకొద్దీ గ్లుటమిన్, ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లాలు రూపం మారి దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువంత బరువెక్కుతాయి. ప్రోటీన్‌లో ఈ మార్పు ఎక్కువగా ఉంటే అది పాతదని, అసలే లేకపోతే నిన్నామొన్న అంటుకున్నదేమోనని అనుమానించాలి. ఇది గడియారంలా కచ్చితంగా ఏం నడవదు, వేడి, తేమ, మట్టి గుణం అన్నీ దాని వేగాన్ని మారుస్తాయి.

రెండో సమస్య ఇంకా పెద్దది, నన్నడిగితే ఈ రంగంలో అందరూ ముందు చదవాల్సింది దీని గురించే. 2011లో హంగేరీ పరిశోధకులు పాత ఎముకల్లో క్షయ క్రిమి ప్రోటీన్లు దొరికాయని ప్రకటించారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. 2016లో జెస్సికా హెండీ, మైకేల్ బక్లీ తదితరులు ఇలాంటి ఎముకల్ని మరింత సున్నితమైన పద్ధతితో పరీక్షించి, ఆ పాత వాదన మీదే అనుమానం వ్యక్తం చేశారు. కారణం సులువే. మైకోబ్యాక్టీరియాలో నూటికి పైగా జాతులున్నాయి, వాటిలో చాలావరకు మట్టిలో, నీళ్ళలో తమ మానాన తాము బతికేవే. శవం వందల ఏళ్ళు ఉన్నది ఆ మట్టిలోనే. పది అమైనో ఆమ్లాల ముక్క ఒకటి క్షయ క్రిమితో సరిపోతే, అదే ముక్క మట్టి బ్యాక్టీరియాలో కూడా ఉండొచ్చు. పైగా డేటాబేసుల్లో మనుషులకు జబ్బు తెచ్చే క్రిముల వివరాలు కుప్పలుగా ఉంటాయి, ఎవరికీ హాని చెయ్యని మట్టి జీవుల వివరాలు అరకొరగా ఉంటాయి. ఊళ్ళో దొంగతనం జరిగితే స్టేషన్లో ఫోటో ఉన్న పాత దొంగల్లోంచే ఒకడిని తెచ్చి కూర్చోబెట్టినట్టు, కంప్యూటర్ కూడా తన దగ్గర పేరున్నవాడి మీదే కేసు పెడుతుంది.

కాబట్టి క్రిమి ప్రోటీన్ దొరికిందని ఎవరైనా అంటే, దొరికిన ముక్కలెన్ని, అవి ఆ ఒక్క జాతికే చెందినవా, ఖాళీ గొట్టంలోనూ చుట్టూ ఉన్న మట్టిలోనూ వెతికారా అని అడగాలి. మనిషి ప్రోటీన్ల విషయంలో ఈ తలనొప్పి కొంత తక్కువ. మట్టి బ్యాక్టీరియా మనిషి తెల్ల రక్తకణాల ప్రోటీన్లను తయారుచెయ్యలేదు కదా! అందుకే నా లెక్కలో పాత జబ్బుల విషయంలో క్రిమి ప్రోటీన్ల కంటే శరీరం తిరగబడినప్పుడు పుట్టిన ప్రోటీన్లే నమ్మకమైన సాక్షులు.

ఓట్జీ సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 1991లో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దులోని ఆల్ప్స్ మంచులో దొరికిన 5,300 ఏళ్ళ నాటి మనిషి. భుజంలో దిగిన బాణమే ప్రాణం తీసిందని తేలినా, తలకు కూడా దెబ్బ తగిలిందా అన్న అనుమానం ఉండేది, ఎందుకంటే స్కాన్‌లో మెదడు వెనక భాగంలో నల్లటి మచ్చలు కనిపించాయి. సన్నని పరికరంతో అక్కణ్ణుంచి గుండుసూది తలంత నమూనాలు తీసి, 2013లో 502 రకాల ప్రోటీన్లు గుర్తించామని ప్రకటించారు. గాయం మానే ప్రక్రియకూ, కణాల మీద ఒత్తిడికీ సంబంధించినవి వాటిలో చెప్పుకోదగ్గంత ఉన్నాయి. మైక్రోస్కోపులో గడ్డకట్టిన రక్తం ఆనవాళ్ళు కూడా కనబడ్డాయి. తల మీద దెబ్బ వాదనకు బలం వచ్చింది, అయితే ఆ దెబ్బ ఎవరైనా కొట్టిందా, బాణం తగిలాక పడిపోతే తగిలిందా అన్నది ప్రోటీన్లు తేల్చలేవు.

అదే ఓట్జీ పొట్టలో 2016లో హెలికోబ్యాక్టర్ పైలోరీ దొరికింది. మనలో గ్యాస్, కడుపులో మంట అని ఎండోస్కోపీ చేయించుకున్నవాళ్ళకి ఈ పేరు బాగా పరిచయమే, ప్రపంచంలో దాదాపు సగంమంది కడుపుల్లో ఉంటుందని చెప్పే బ్యాక్టీరియా ఇదే. ఉన్నవాళ్ళలో చాలామందికి ఏ బాధా ఉండదు. మరి ఓట్జీకి? కడుపు లోపలి పొర చెడిపోయింది కాబట్టి పుండు ఉందో లేదో కంటితో చూసే అవకాశం లేదు. ప్రోటీన్లు చూస్తే వాపు ఉన్నచోట తెల్ల రక్తకణాలు వదిలే రకాలు కనిపించాయి. ఇప్పుడు పేగు వాపు ఉందేమోనని డాక్టర్లు మలపరీక్షలో కొలిచే కాల్‌ప్రొటెక్టిన్ ఉందే, దాని రెండు భాగాలూ అక్కడున్నాయి. అంటే అతని శరీరం ఆ బ్యాక్టీరియాను ఊరికే భరించలేదు, ఎదురు తిరిగింది. అంతవరకే. కొండ ఎక్కుతూ కడుపు పట్టుకుని మూలిగాడని చెప్పడానికి ఆధారం లేదు, పరిశోధకులు కూడా అలా చెప్పలేదు.

మంచుకొండల మమ్మీలు ఎప్పుడో గానీ దొరకవు. అన్నిచోట్లా దొరికేది, కొన్నాళ్ళ కిందటిదాకా పురావస్తువాళ్ళు బ్రష్షుతో గీకి పారేసినది ఒకటుంది, పళ్ళ మీది గార. బతికుండగానే నోట్లోని బ్యాక్టీరియా పొరలు పొరలుగా గట్టిపడి రాయిలా మారిపోతుంది, దాంతోపాటు లాలాజలం, చిగుళ్ళలోంచి కారిన ద్రవం, తిన్న తిండి కూడా లోపల ఇరుక్కుపోతాయి. జర్మనీలో డాల్‌హైమ్ అనే చోట మధ్యయుగాల నాటి సన్యాసినుల మఠం శ్మశానంలో దొరికిన పళ్ళ గారను క్రిస్టీనా వారినర్ బృందం పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించింది. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్‌తో సహా, ఇప్పటి దంతవైద్యులు చిగుళ్ళ జబ్బుకు కారణమని చెప్పే మూడు బ్యాక్టీరియాలూ వెయ్యేళ్ళ నాటి ఆ నోళ్ళలో ఉన్నాయి, వాటి మీదికి దండెత్తిన మనిషి రోగనిరోధక ప్రోటీన్లూ ఉన్నాయి. చక్కెర మిఠాయిలు, కూల్ డ్రింకులు రాకముందు అందరి పళ్ళూ ముత్యాల్లా ఉండేవనుకునేవాళ్ళకి ఇది కొంచెం చేదు కబురు. మాటల్లో మాట, అదే శ్మశానంలోని ఇంకో స్త్రీ గారలో అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చే లాజవర్ద్ రాతి నీలిపొడి దొరికింది. గ్రంథాలకు రంగులద్దుతూ కుంచె మొన నోట్లో పెట్టుకునేదని ఊహిస్తున్నారు.

గారలో చిగుళ్ళ జబ్బులే కాదు, నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో 16వ శతాబ్దపు ఒక మనిషి గారలో కుష్ఠు క్రిమి డీఎన్‌ఏ, ప్రోటీన్లు రెండూ దొరికాయని 2020లో ప్రకటించారు. ఇలా రెండూ కలిసి వచ్చినప్పుడు నమ్మకం పెరుగుతుంది.

మాస్ స్పెక్ట్రోమీటర్లు ఇంత సున్నితంగా తయారవకముందు ప్రోటీన్లను యాంటీబాడీలతో, అంటే ఫలానా ప్రోటీన్‌ని గుర్తుపట్టి అతుక్కునే అణువులతో వెతికేవారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలు గుచ్చి మలేరియా కిట్ మీద చుక్క వేస్తారే, అది వెతికేవాటిలో ఫాల్సిపేరమ్ పరాన్నజీవి వదిలే హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్ ఒకటి. 1994లోనే కొందరు ఇలాంటి కిట్‌తో ఈజిప్టు మమ్మీలను పరీక్షించి మలేరియా ఉందన్నారు. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ చూసింది 1897లో మన సికింద్రాబాద్‌లోనే కాబట్టి ఈ ముక్క మనకు ఇంకాస్త ఆసక్తిగా ఉంటుంది. ఫ్లోరెన్సు పాలకుడు ఫ్రాంచెస్కో డి మెదిచి కథ ఇంకా రంజైనది. 1587లో ఆయనా, ఆయన భార్యా ఒకరి తర్వాత ఒకరు గంటల తేడాలో పోయారు, తమ్ముడే విషం పెట్టించాడని అప్పుడే పుకారు పుట్టింది. 2006లో ఒక బృందం అవశేషాల్లో ఆర్సెనిక్ దొరికిందంది. 2010లో ఇంకో బృందం ఆయన ఎముకలో మలేరియా ప్రోటీన్లు దొరికాయి, చంపింది జ్వరమేనంది. వినడానికి భలే ఉంది గానీ, తాజా రక్తం కోసం చేసిన యాంటీబాడీ వందల ఏళ్ళు మట్టిలో నానిన ఎముకలో వేరేదానికి అతుక్కుని పాజిటివ్ చూపించే ప్రమాదం ఉంది. కిట్ గీత చూపిస్తుంది, అమైనో ఆమ్లాల వరస చూపించదు. అందుకే యాంటీబాడీ ఫలితం ఒక్కదాని మీదే తీర్పు చెప్పడానికి నేను ఒప్పుకోను.

అలాగని యాంటీబాడీతో వచ్చినవన్నీ కొట్టిపారెయ్యక్కర్లేదు. రష్యాలోని తువా ప్రాంతంలో అర్జాన్ దగ్గర 2,700 ఏళ్ళ నాటి సిథియన్ అనే సంచార జాతి రాజు అస్థిపంజరం నిండా గడ్డల ఆనవాళ్ళున్నాయి. 2007లో ఆ ఎముకలోంచి పీఎస్‌ఏ తీశారు. ఈ పేరు కూడా మనకు తెలిసిందే, యాభై దాటిన మగవాళ్ళకి ప్రోస్టేట్ కోసం రాసే పరీక్ష. అక్కడ ఎముక మచ్చలు, సూక్ష్మదర్శినిలో కణజాలం తీరు, ప్రోటీన్ మూడూ ఒకే దిక్కు చూపించాయి కాబట్టి ప్రోస్టేట్ క్యాన్సర్ అన్న నిర్ధారణ గట్టిగా ఉంది.

ఇక మన నేల సంగతి. డీఎన్‌ఏకి వేడి, తేమ పడవు. హర్యానాలో సింధు నాగరికత నాటి రాఖీగఢీలో అరవైకి పైగా నమూనాలు పరీక్షిస్తే 2019లో ప్రచురించగలిగింది ఒక్క మనిషి జన్యుపటం మాత్రమే. ప్రోటీన్లు డీఎన్‌ఏ కంటే ఎక్కువకాలం నిలుస్తాయి, 8 లక్షల ఏళ్ళ నాటి స్పెయిన్ మనుషుల పంటి ఎనామిల్‌లోంచి కూడా తీశారు. అయితే ఇక్కడో మెలిక ఉంది. ఎక్కువకాలం నిలిచే ఎనామిల్‌లో ఉండేవి ముఖ్యంగా పన్ను కట్టడానికి పనికొచ్చినవి, ఆ మనిషి ఆడో మగో చెప్పడానికి బాగా పనికొస్తాయి, జబ్బు గురించి అంతగా చెప్పవు. జబ్బు సంగతి చెప్పే ప్రోటీన్లుండే మెత్తని కణజాలమేమో ముందే కుళ్ళిపోతుంది. ఈ మధ్య క్యాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళు దీనికి ఒక దారి చూపించారు. పన్ను ఎదిగేటప్పుడు రక్తంలోంచి కొద్దిగా యాంటీబాడీలు, సీఆర్‌పీ కూడా ఎనామిల్‌లో చిక్కుకుంటాయట. శాన్ ఫ్రాన్సిస్కోలో స్పానిష్ క్రైస్తవ మఠం దగ్గర పాతిపెట్టిన ఆదివాసీల పళ్ళలో వాటిని కొలిచారు. ఒక్కో పన్ను ఒక్కో వయసులో ఏర్పడుతుంది కాబట్టి, ఏ పన్నులో పెరిగిందో చూస్తే చిన్నప్పుడు ఏ వయసులో జబ్బుపడ్డారో అంచనా వెయ్యొచ్చు.

రాజస్థాన్‌లోని బాలాథల్‌లో దాదాపు 4,000 ఏళ్ళ నాటి అస్థిపంజరంలో కుష్ఠు లక్షణాలున్నాయని 2009లో చెప్పింది ఎముకల ఆకారం చూసి. తెలంగాణ, ఆంధ్రల్లో బృహత్‌శిలా సమాధుల్లో, అంటే పెద్ద పెద్ద రాళ్ళు పేర్చిన పురాతన సమాధుల్లో దొరికిన ఎముకలు, పళ్ళు కూడా ఉన్నాయి. మన ఎండలకు వాటిలో ఎంత మిగిలిందన్నది పరీక్షిస్తే గానీ తెలియదు. కానీ పళ్ళ మీది గారను మాత్రం శుభ్రం చేసే పేరుతో గీకకుండా ఉంటే చాలు, దానికి ఖర్చేమీ లేదు.

చివరగా మెదడు. మిగతా అవయవాలన్నీ పోయినా మెదడు ఒక్కటే ముడుచుకుపోయి పుర్రెలో మిగిలిపోయిన సందర్భాలు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన అలెగ్జాండ్రా మోర్టన్-హేవార్డ్ బృందం 2024లో ప్రపంచవ్యాప్తంగా ఇలాంటివాటితో కలిపి 4,400కు పైగా పాత మెదళ్ళ వివరాలు పోగుచేసింది. 2025లో అదే బృందం ఇంగ్లండులో సుమారు 200 ఏళ్ళ నాటి పేదల శ్మశానంలో దొరికిన మెదళ్ళలోంచి 1,200కు పైగా ప్రోటీన్లు బయటికి తీసింది. వాడిన ముఖ్యమైన రసాయనం యూరియా, కణాల పొరలు విడిపోయి ప్రోటీన్లు బయటపడడానికి. నమూనా 2.5 మిల్లీగ్రాములు. మానసిక రోగాలు, మతిమరుపు లాంటివి ఎముక మీద ఏ గుర్తూ వదలవు కాబట్టి, వాటి చరిత్ర ఇలా తెలుసుకోవచ్చన్న ఆశ ఇప్పుడు మొదలైంది. నా మటుకు నేను ఇంకా తొందరపడను. ఆ మనుషులు బతికుండగా ఏ జబ్బుతో బాధపడ్డారో రాసిపెట్టిన రికార్డులున్న శ్మశానం ఒకటి దొరికి, ఆ రాతలు చూడకుండా ప్రోటీన్లు మాత్రమే చదివి జబ్బు పేరు చెప్పి, తర్వాత రెండూ సరిపోల్చి చూపించిన రోజున నమ్ముతాను.